కొత్త ఏడాది కోత

పోయిన వారం మనం ఆ ఇల్లాలిని వంటింటి గుమ్మంలో వదిలేసి వచ్చాం. పిడికిట్లో స్కూలు వ్యాను తాళాలు, గొంతులో ఎవరికీ చెప్పని మాట. సెలవులివ్వడానికి ముందురోజు, తను కుట్టిన యూనిఫారాల మూట అప్పజెప్పడానికి ఆవిడ భర్త నడిపే వ్యాన్‌లోనే స్కూలుకి వెళ్ళింది. పిల్లల్ని ఎక్కించి దించడమే పనైన ఆయా, వాళ్ళని వాళ్ళ మానాన వదిలేసి డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. "అన్నా, పక్కన సైకిలు... అన్నా, తలుపు వైపు ముసలాయన... అన్నా, ఇప్పుడు పోనీ" అని దారి పొడుగునా చెబుతూనే ఉంది. డ్రైవరు ఆ మాటల్ని పట్టుకునే బండి నడుపుతున్నాడు. ఆ రోజు నుంచీ ఇల్లాలికి కంటి మీద కునుకు లేదు. ఇవాళ కొత్త సంవత్సరం మొదటి రోజు. రేపు పొద్దున్నే స్కూలు తెరుస్తారు. ఆ వ్యాన్‌లో వెళ్ళే పిల్లల్లో ఆవిడ మనవరాలు కూడా ఉంది.

ఇక లోపలికి వెళ్దాం పదండి.

భోజనాలయ్యి అందరూ ముందు గదిలో చేరారు. అందరూ అంటే పెద్ద సంతేమీ కాదు. కిటికీ దగ్గర పడక్కుర్చీలో డ్రైవరు. ఎదురుగా కూతురు. ఆమె ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది, పెళ్ళై ఒక పిల్ల తల్లైనా ఈ ఇంట్లో ఇంకా "అమ్మడే". సోఫాని మొత్తం ఆక్రమించుకుని ఇల్లాలి తమ్ముడు. ఆయనకి బేకరీలో పని. కనక ఇంటిల్లిపాదికీ ఆయన బేకరీ మామ. అల్లుడు మనవరాల్ని తీసుకుని పార్కుకి వెళ్ళాడు.

ఈ ఇంట్లో ఏడాది మొదటి రోజున జరిగే తంతు ఒకటుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కోత. ఈ ఏడాది నేను ఫలానాది సాధిస్తాను అని ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. మిగతావాళ్ళు మూడే ప్రశ్నలు వేస్తారు. ఎలా? ఎప్పుడు? అడ్డొచ్చేదెవరు? జవాబు రాని చోటల్లా ఆ కోరికని కత్తిరించేస్తారు. కత్తిరించగా మిగిలిన ముక్క ఎంత చిన్నదైనా సరే, అది చేసి తీరాలి. చెయ్యకపోతే మరుసటి ఏడాది నోరు మెదపడానికి వీల్లేదు. ఈ పద్ధతి కనిపెట్టింది డ్రైవరే. పెళ్ళైన కొత్తలో ఆయన ఒకే ఏడాదిలో సిగరెట్లు మానేసి, ఈత నేర్చుకుని, మేడ మీద మేడ కట్టేస్తానని అత్తగారి ముందు ప్రతిజ్ఞ చేశాడు. ఏడాది తిరిగేసరికి సిగరెట్లు ఎక్కువయ్యాయి, మిగతా రెండూ ఏమయ్యాయో అడగొద్దు. అప్పట్నుంచీ ఆయనకి నేల విడిచి సాము చేసేవాళ్ళంటే ఒళ్ళు మంట. సిగరెట్లు మాత్రం తర్వాత కోతల్లో రోజుకొకటి చొప్పున తగ్గి, చివరికి పూర్తిగా పోయాయి. ఆ విజయం ఆయన ఇప్పటికీ ప్రతి ఏడాదీ చెప్పుకుంటాడు.

"ముందు మామ," అన్నాడు డ్రైవరు, న్యాయమూర్తిలా కుర్చీలో సర్దుకుని.

బేకరీ మామ గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏడాది చివరికి నేను సగం మనిషినవుతాను."

"ఏ సగం?" అంది అమ్మడు.

"నవ్వకండి. నిజంగానే చెప్తున్నా. మెట్లెక్కితే ఆయాసమొస్తోంది."

"ఎలా తగ్గుతావ్?"

"తిండి తగ్గిస్తా."

"అడ్డొచ్చేదెవరు?"

మామ కాసేపు పైకప్పు వంక చూశాడు. "పొద్దున్నే ఓవెన్‌లోంచి తీసే బన్ను. వేడి వేడిగా. దాన్ని ఎవరో ఒకరు రుచి చూడాలి కదమ్మా. ఉప్పెక్కువైతే నన్నేగా అంటారు?"

"ఒకటి చూస్తే చాలుగా? నువ్వెన్ని చూస్తావ్?"

"ట్రేకి ఒకటి."

"కోత!" అన్నాడు డ్రైవరు చేత్తో కత్తెరలా గాలి కోస్తూ. "పొద్దుటికి ఒక్క బన్ను, అదీ సగం. మిగతా సగం పక్కవాడి నోట్లో పెట్టెయ్. అంతే నీ ఏడాది."

మామ ఏడుపు మొహం పెట్టినా ఒప్పుకున్నాడు. అమ్మడు సాయంత్రం కోర్సులో చేరి పై పరీక్షలన్నీ ఒకేసారి రాసి పారేస్తానంది. అది కోతకు గురై, ఆదివారం మధ్యాహ్నం గదిలో కూర్చుని చదువుకుంటాననే దగ్గర ఆగింది. ఆ కాస్తసేపూ ఎవరూ ఆమెని "అమ్మడూ" అని పిలవకూడదని కూడా తీర్మానమైంది. డ్రైవరు హుషారుగా ఉన్నాడు. ఎదుటివాళ్ళ కోరికలు కత్తిరించడంలో ఉండే సుఖం మరి అలాంటిది.

"ఇప్పుడు మీ అమ్మ," అన్నాడు. "పోయినేడాది మోకాళ్ళ నొప్పికి రోజూ నడుస్తానంది. నడిచింది. శభాష్. ఈ ఏడాది ఏంటోయ్?"

ఇల్లాలు గుమ్మంలోంచి కదిలి గది మధ్యకి వచ్చింది.

"నేను వ్యాను నడపడం నేర్చుకుంటాను," అంది.

బేకరీ మామ పొట్ట అదిరేలా నవ్వాడు. కుట్టుమిషను కాలితో తొక్కడం తప్ప ఇంకే యంత్రం జోలికీ పోని మనిషి తన అక్క. రోడ్డు దాటడానికి కూడా పక్కవాళ్ళ మోచెయ్యి పట్టుకునే మనిషి.

"అక్కా, వ్యానుకి పెడలు తొక్కితే సూది కదలదే. బండే కదుల్తుంది."

డ్రైవరు కూడా నవ్వాడు. కానీ ఆయన కళ్ళు భార్య పిడికిలి మీద పడ్డాయి. తాళాలు. గోడ మీది మేకుకి ఉండాల్సినవి.

"ఎలా?" అన్నాడు.

"మన వీధి చివర డ్రైవింగ్ స్కూలుంది. ఆడవాళ్ళకి ఆడమనిషే నేర్పుతుందట. కనుక్కున్నాను."

"ఎప్పుడు?"

"రేపట్నుంచే."

"అడ్డొచ్చేదెవరు?"

ఆవిడ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. "మీరే."

మామ నవ్వు ఆగిపోయింది.

"నేనా? నేనెందుకు అడ్డొస్తానే? నేర్చుకో. కాకపోతే ఈ వయసులో ఏకంగా వ్యాను అంటే... కోత పడాలి కదా. ముందు సైకిలు నేర్చుకో. ఈ ఏడాదికి సైకిలు. ఏమంటావ్ అమ్మడూ?"

"నా మాటకి కోత లేదు," అంది ఇల్లాలు.

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అలా అనలేదు. కోతకు లొంగనంటే ఆటలోంచి బయటికి పోవడమే. అమ్మడు టీ గ్లాసు కింద పెట్టింది.

"అమ్మా, ఏమైంది? అసలు నీకెందుకిప్పుడు వ్యాను?"

"నేనుండగా ఎందుకు?" అన్నాడు డ్రైవరు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మీరుండగానే కావాలి. మీరు పోయాక నాకెందుకది?"

"తిన్నగా చెప్పు. డొంకతిరుగుడొద్దు."

"నేను చెప్పేదేముంది? మీ ఆయమ్మని అడగండి. పిల్లల్ని చూడాల్సిన మనిషి మీ పక్కన కూర్చుని సైకిలొస్తోంది, స్కూటరొస్తోంది అని ఎందుకు పాట పాడుతోందో అడగండి."

దొంగకి తేలు కుట్టినట్టయింది డ్రైవరు పరిస్థితి. పైకి అరవడానికి లేదు, లోపల మంట ఆగడం లేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. మీకు నేను పోయిన వారమే చెప్పాను కదా, ఆయన చెడ్డవాడు కాదని. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. కానీ మంచివాళ్ళు దాచే నిజాలే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వాళ్ళని ఎవరూ అనుమానించరు.

ఆయన కోపాన్ని ఆసరా చేసుకున్నాడు.

"అదా సంగతి? ఆవిడకి వాగుడెక్కువ. బండెక్కితే నోరు మూసుకోదు. దానికి నాకు చూపు లేదని ముద్ర వేస్తావా? మొన్న స్కూలు వాళ్ళు డ్రైవర్లందరికీ కళ్ళు పరీక్ష చేయించారు. నేను కింది వరస దాకా తప్పు లేకుండా చదివాను. కుర్ర డ్రైవర్లు నాలుగో వరసలోనే నీళ్ళు నమిలారు. కావాలంటే ఫోన్ చేసి కనుక్కో."

"అవునమ్మా," అంది అమ్మడు. ఆమెకి తల్లి మీద చిరాకేసింది. "నాన్నంత జాగ్రత్తగా నడిపేవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా? నా కూతుర్ని నేను ఇంకెవరి బండీ ఎక్కించను. స్కూల్లో అమ్మలంతా ఆ వ్యాన్‌లో సీటు కోసం ఎగబడతారు, నీకు తెలీదా? ఊరికే అనుమానాలు పెట్టుకుని ఆయన్ని నలుగురిలో..."

"నలుగురు ఎక్కడున్నారే? ఉన్నదంతా మనమే."

"సరే," అంటూ డ్రైవరు లేచాడు. "ఇక్కడే తేలుద్దాం. ఇదిగో, పొద్దున్న మామ తెచ్చి తగిలించిన క్యాలెండరు. నేనింకా దాని మొహమన్నా చూళ్ళేదు. ఈ గోడ దగ్గర్నుంచి చదువుతాను."

గది ఈ చివర నిలబడి ఆ చివరనున్న క్యాలెండరు చూశాడు. నెల పేరు చదివాడు. వారాల పేర్లు చదివాడు. కింద అంచున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు చిరునామా కూడా గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. మామ దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుని సరిచూసి, చప్పట్లు కొట్టాడు.

"అక్కా, బావవి గద్ద కళ్ళే! నాకైతే ఇంత దగ్గర్నించి కూడా అలుక్కుపోయింది."

అమ్మడు తండ్రి వైపు గర్వంగా చూసింది. తల్లి వైపు చూసిన చూపులో మాత్రం, ఇంకేమంటావ్ అన్న ప్రశ్న ఉంది. కాసేపు ఇల్లాలికే అనుమానం వచ్చింది, నేనే పొరబడ్డానా అని. పొరబడి ఉంటే ఎంత బావుండు అని కూడా అనిపించింది. కానీ ఆవిడ కొలతల మనిషి. గుడ్డని ఒక్క వైపు కొలిచి కత్తెర పెట్టే అలవాటు లేదు.

"అక్కడే ఉండండి," అంది. "ఆ క్యాలెండరునే చూస్తూ ఉండండి. తల తిప్పొద్దు."

"మళ్ళీ ఏంటే?"

"ఒక్కసారి. నా మీద ఒట్టు."

ఆయన విసుక్కుంటూనే క్యాలెండరు మీద చూపు నిలిపాడు. ఇల్లాలు చప్పుడు చెయ్యకుండా ఆయన వెనక్కి వెళ్ళింది. తాళాల గుత్తి గలగలలాడకుండా అరచేతిలో పరిచి, చెయ్యి పైకెత్తి, ఆయన ఎడమ చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు నడిచింది. భుజం దాటింది. ఇంకా ముందుకు వచ్చింది. మామూలు మనిషికైతే కంటి చివర ఏదో కదిలిందని ఎప్పుడో తెలిసిపోవాలి.

"ఇంకా ఎంతసేపు?" అన్నాడాయన క్యాలెండరుతో.

"నేనెక్కడున్నానో చెప్పండి."

ఆవిడ గొంతు అంత దగ్గర్నించి వినబడేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు. అయినా తల తిప్పలేదు. "ఎక్కడుంటావ్? వెనకాలే."

మామ చేతిలో బిస్కట్టు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"బావా," అన్నాడు. ఆ గొంతులో ఎకసెక్కెం లేదు. "అక్క నీ ముందుకొచ్చేసింది బావా. చెయ్యి నీ మొహం పక్కనే ఉంది."

ఆయన తల తిప్పాడు. తాళాల గుత్తి ముక్కుకి తగిలేంత దగ్గరగా కనిపించింది. దాని వెనక భార్య మొహం, చెంపల మీద నీళ్ళు.

ఆయన తడుముకోకుండానే వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా ఉన్నది ఆయనకి బాగానే కనిపిస్తుంది. చిక్కంతా అదే.

"వానల ముందే తెలిసింది," అన్నాడు చివరికి. "స్టాపులో నిలబడ్డ పిల్లలు ఉన్నట్టుండి గాల్లోంచి ఊడిపడ్డట్టు కనబడేవాళ్ళు. వెళ్ళి చూపించుకున్నా. కంట్లో ఒత్తిడి పెరిగిందన్నాడు డాక్టరు. దానికేదో పేరు చెప్పాడు."

"నీటికాసులు," అంది అమ్మడు.

"ఆఁ, అదే. పక్కల నుంచి మూసుకొస్తుందట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలన్నాడు. చుక్కలిచ్చాడు. వేసుకుంటూనే ఉన్నా. వ్యాన్‌లో, అద్దం వెనకాల పెట్టుకున్నా సీసా."

"ఏ ఆసుపత్రి?"

"మీది కాదులే."

"మాది ఎందుకు కాదు నాన్నా?" అమ్మడు కుర్చీ అంచుకి జరిగింది. "రోజూ నేను వెళ్ళే ఆసుపత్రి. కంటి విభాగం మా ల్యాబు పక్కనే. నేను ఆ గుమ్మం ముందునుంచే లోపలికెళ్తాను. నాకు చెప్పకుండా ఊరవతలికి వెళ్ళి చూపించుకున్నావా? ఇందాక అమ్మని అన్ని మాటలన్నాను. నువ్వు వింటూ కూర్చున్నావు. బండి ఆపమన్నాడా డాక్టరు? నిజం చెప్పు."

ఆయన అవునన్నట్టు తలూపాడు.

"స్టీరింగు వదిలేస్తే నేనేం చెయ్యనే అమ్మడూ?" అన్నాడు. "పొద్దున్నే ఆ పిల్లలంతా 'డ్రైవర్ తాతా' అని ఎక్కుతారు. ఒకడు పన్నూడిందని చూపిస్తాడు. ఒకత్తి బొమ్మ గీసి తెస్తుంది. ఇంట్లో కూర్చుంటే నన్నెవరు పిలుస్తారు?"

ఇల్లాలు ఆయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. "నేను పిలుస్తానుగా," అంది. ఆ మాటకి ఆయన మొహం ఇంకా చిన్నబోయింది. ఎంత ప్రేమగా అన్నా, ఆయన అడిగింది అది కాదని ఆవిడకీ తెలుసు.

అప్పుడు ఆయన తన వంతు తీసుకున్నాడు. అడక్కుండానే, తన ఆట నియమం ప్రకారమే.

"సరే. ఈ ఏడాది నా లక్ష్యం చెప్తాను, కొయ్యండి. ఈ ఏడాది నేను బండి మానేస్తాను. వేసవి సెలవులివ్వగానే."

"ఎలా?" అంది ఇల్లాలు. కళ్ళు తుడుచుకుని, ఆవిడ కూడా నియమం ప్రకారమే అడిగింది. "అప్పటిదాకా ఎలా నడుపుతారు?"

"ఆయమ్మ ఉందిగా."

"ఆయమ్మ మీకు కళ్ళైతే పిల్లలకి ఎవరు? కోత."

"ఈ నెలాఖరుదాకా. ఇంకొక డ్రైవరు దొరికేదాకా. పాపం స్కూలు వాళ్ళకీ..."

"కోత," అన్నాడు మామ. "బావా, నాకు బన్ను సగం చేసినవాడివి నువ్వు. తప్పదు."

"రేపొక్క రోజు. ఒక్క ట్రిప్పు. పిల్లలకి నేనే చెప్పుకుంటాను, ఇక రానని. ఒక్క రోజుకి ఏమవుతుందే?"

ఆ మాట ఆయన ఎంత బతిమాలుకుంటూ అన్నాడంటే, రాస్తున్న నాకే ఇచ్చేద్దామనిపించింది. అమ్మడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆమె తల అడ్డంగా ఊపింది.

"కోత నాన్నా."

కూతురు తండ్రి కోరిక కత్తిరించడం ఆ ఇంట్లో ప్రతి ఏడాదీ ఉన్నదే. ఇలా కళ్ళ నీళ్ళతో ఎప్పుడూ లేదు.

అమ్మడు తల్లి వైపు తిరిగింది. "అమ్మా, నీదీ కొయ్యాలి. నీది కూడా నేల విడిచి సామే. నువ్వు డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, పిల్లల బండి నడిపేసరికి ఏడాది దాటుతుంది. స్కూలు రేపు పొద్దున్నే. తెలిసీ ఎందుకన్నావ్ ఆ మాట?"

ఇల్లాలు తలొంచుకుంది. "చేతగాక అన్నాను. తాళాలు నా చేతికొస్తే చాలనుకున్నా. ఈయన నోటితో 'నాకు కనబడటం లేదు' అని ఎవరితోనో అనడం నేను వినలేనే. దానికన్నా నేను వ్యాను నేర్చుకోవడమే తేలికనిపించింది."

ఆవిడని చూసి నవ్వకండి. మనలో చాలామంది కొత్త సంవత్సరానికి పెట్టుకునే కొండంత లక్ష్యాలన్నీ ఇలాంటివే. పక్కనే చెయ్యాల్సిన గోరంత పని ఒకటుంటుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి కొండెక్కుతామంటాం.

"అయితే మిగిలిందేంటి?" అన్నాడు మామ.

మిగిలింది ఒక్క ఫోను. స్కూల్లో బళ్ళన్నీ చూసే ఇన్‌చార్జి సారుకి ఫోన్ చేసి, రేపట్నుంచి నేను రాను, నాకు చూపు సరిగా లేదు అని చెప్పడం. ఆ ఇంటి చరిత్రలో అంత చిన్న లక్ష్యం ఎప్పుడూ మిగల్లేదు. అంత కష్టమైనదీ మిగల్లేదు. డ్రైవరు ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఒకసారి నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాడు.

"నేను చెయ్యనా నాన్నా?" అంది అమ్మడు.

"వద్దు. కోతలో పడింది నాకు. నేనే చెయ్యాలి."

ఈసారి ఆపలేదు. స్పీకరు పెట్టి ఫోను ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో మోతకే ఇన్‌చార్జి సారు ఎత్తాడు.

"డ్రైవరు గారూ! నూరేళ్ళాయుష్షు మీకు. నేనే చేద్దామనుకుంటున్నా."

"సార్, ఒక ముఖ్యమైన మాట..."

"ముందు నా మాట వినండి. మీ ఆయమ్మ ఇందాక మా ఇంటికొచ్చింది. రేపట్నుంచి ఆ వ్యాను ఎక్కనంది. వేరే బండిలో వేస్తే వెయ్యండి, లేదంటే మానేస్తానంది. ఎందుకమ్మా అంటే ఒకటే ఏడుపు. 'అన్న చెబితే చెప్పనీ, నా నోటితో నేను చెప్పను' అంటోంది. మీరు మంచివారని నాకు తెలుసు. అందుకే పై వాళ్ళకి చెప్పకుండా ముందు మిమ్మల్ని అడుగుతున్నా. ఆ వ్యాన్‌లో ఏం జరిగింది?"

ఇల్లాలు భర్త మొహంలోకి చూసింది. ఏమీ లేదండీ, ఆవిడకి వాగుడెక్కువ అంటాడని ఎదురుచూసింది. ఆయన అనలేదు. ఫోను మీద అరచెయ్యి మూసి, మళ్ళీ తీశాడు. చూపు తగ్గిందన్న మాట కాదు ఆయన ఇన్నాళ్ళూ మోస్తున్నది. దాని వెనక ఇంకేదో ఉంది. ఆ సంగతి ఆవిడకి ఆ క్షణంలోనే తెలిసింది.

"చెప్తాను సార్," అన్నాడు. "మా వాళ్ళు కూడా వింటున్నారు. విననివ్వండి. సెలవులిచ్చిన రోజు సాయంత్రం, ఆఖరి స్టాపు. మా వీధి మలుపులోనే. ఆయమ్మ పిల్లని దించి తలుపేసింది. నేను పక్కకి చూశాను. చూశాననే అనుకున్నాను. ఎవరూ లేరని గేరేశాను. ఆయమ్మ కెవ్వున అరిచింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది."

"ఆఁ. తర్వాత?"

"దిగి వెళ్ళి చూశాను. ముందు టైరుకి ఆనుకుని, నేల మీద కూర్చుని, పిల్ల బూటు లేసు కట్టుకుంటోంది సార్. నీళ్ళ సీసా పక్కన పెట్టుకుంది. టైరు ఆ సీసా మీద ఎక్కి ఆగింది. ఆయమ్మ ఇంకొక్క క్షణం ఆలస్యంగా అరిచి ఉంటే..."

ఆయన ఆపేశాడు.

కుర్చీ కిర్రుమంది. అమ్మడు లేచింది. సెలవులిచ్చిన సాయంత్రం తన కూతురు నలిగిపోయిన నీళ్ళ సీసాతో ఇంటికొచ్చింది. ఎలా పాడైందే అంటే, ఏమో అమ్మా అంది. వస్తువంటే లెక్కలేదని అమ్మడు ఆ పిల్ల వీపు మీద ఒక్కటిచ్చింది. పిల్ల ఏడుస్తుంటే గుమ్మంలో తాత నిలబడి చూశాడు. ఏమీ అనలేదు. మరుసటి రోజే కొత్త సీసా కొనుక్కొచ్చాడు. ముద్దు చేసి పాడుచేస్తున్నావ్ నాన్నా అని ఆమె నవ్వింది కూడా.

"ఎవరి పిల్ల డ్రైవరు గారూ?" అన్నాడు ఇన్‌చార్జి. "వాళ్ళమ్మా నాన్నలకి తెలుసా?"

"తెలీదు సార్. ఇప్పుడే తెలిసింది."

ఆయన ఫోను ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. తలెత్తి ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం వైపు చూశాడు, అక్కడా లేదు.

"అమ్మడూ," అన్నాడు. "ఎక్కడున్నావే?"

ఆమె ఆయన ఎడమ పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడి ఉంది. పలకలేదు.